వ్యాపార విద్య ఎవరి కోసం?

మేనేజిమెంట్ చదువనగానే మనలో చాలామందికి తట్టేది ఒక్కటే: మంచి ఉద్యోగం, మంచి జీతం. అందులో తప్పేమీ లేదు. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రి అడిగేదీ అదే. కాని ఉద్యోగానికి మనిషిని తయారు చెయ్యడమే పనైతే ఆ శిక్షణేదో కంపెనీలే ఇచ్చుకోగలవు. దానికి విశ్వవిద్యాలయం ఎందుకు? నా ప్రశ్న ఇదీ.

ఒకప్పుడు వ్యాపారం కొట్టులోనే నేర్చుకునే విద్య. గుమాస్తాగా చేరడం, చూసి నేర్చుకోవడం. 1881లో జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికుడు లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాపార పాఠశాల పెట్టించాడు. 1908లో హార్వర్డ్ ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. 1959లో ఫోర్డ్, కార్నెగీ సంస్థలు చేయించిన రెండు నివేదికలు అమెరికాలోని ఈ స్కూళ్ళకు బాగా తలంటాయి. చదువులో లోతు లేదన్నాయి. దాంతో గణితం, అర్థశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం పాఠ్యప్రణాళికలో బలంగా చోటు చేసుకున్నాయి.

మన తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే వాల్తేరులో ఎం.బి.ఏ. ప్రారంభించింది. దేశంలో ఈ కోర్సు పెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో అదొకటి. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు వచ్చాయి. అహమ్మదాబాదుకు హార్వర్డ్ తోడ్పాటుతోపాటు కేసు పద్ధతి కూడా వచ్చింది. ఈ పద్ధతిలో ఏదో ఒక సంస్థకు ఎదురైన చిక్కును రాసి విద్యార్థుల చేతిలో పెడతారు. జవాబు ఎక్కడా వుండదు. "మేనేజరువి నువ్వే అయితే ఏం చేస్తావ్?" అంటారు. అరకొర సమాచారంతో నిర్ణయం చెయ్యడం, ఎదుటివాడి వాదన ఓపిగ్గా వినడం, అవసరమైతే తన మాట మార్చుకోవడం ఇక్కడ అలవడతాయి. ఇవి ఏ కంపెనీ శిక్షణలోనూ అంత తేలిగ్గా దొరకవు.

అయితే ఒక చిక్కుంది. కేసులో మనం ఎప్పుడూ మేనేజరు కుర్చీలోనే కూర్చుంటాం. కూలివాడి పక్కన, కొనేవాడి పక్కన కూర్చోం. అహమ్మదాబాదు సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన రవి మత్తాయి ఈ లోటును గుర్తించినట్టే వుంది. ఆయన ఆ పదవి వదిలాక, 1970ల నడుమ, రాజస్థాన్‌లోని జవాజా పల్లెలకు వెళ్ళి నేతపనివాళ్ళతో, తోలుపనివాళ్ళతో కలిసి పనిచేశాడు. వాళ్ళ సరుకు వాళ్ళే తయారుచేసి, వాళ్ళే అమ్ముకుని, వాళ్ళ వ్యవహారం వాళ్ళే చక్కబెట్టుకోవాలన్నది ఆశయం.

ఇక 2009 జనవరిలో మన హైదరాబాదులోనే సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కలు బయటపడ్డాయి. అవి చదువురానివాళ్ళు రాసిన లెక్కలు కావు. లెక్కలు బాగా వచ్చినవాళ్ళే రాశారు. విద్యలో నైపుణ్యం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి బిజినెస్ స్కూలు ఆశయాలు గోడమీది బోర్డులో కాదు, ప్రశ్నపత్రంలో కనిపించాలని నేనంటాను. లాభం ఎంత అని అడుగుతున్నాం, మంచిదే. ఆ లాభం ఎవరి జేబులోంచి వచ్చిందని కూడా ఒక ప్రశ్న వెయ్యాలి. దానికీ మార్కులుండాలి.