పాడుపడిన పందెపు బాట మళ్ళీ మేలుకున్న కథ

మన హోసూరు, కృష్ణగిరి పక్క ఏమి పండుతుందని పైవూళ్ళ చుట్టాలు అడిగితే ఇదివరలో రాగులు, మామిడిపండ్లు అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు వాటితోబాటు బండ్లు అని కూడా చెప్పవలసి వస్తున్నది. 1980లో హోసూరు కర్మాగారం నుంచి టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో అశోక్ లేలండ్ వారి కర్మాగారమూ ఇక్కడ వెలిసింది. 2021లో హోసూరులో ఏథర్ వారు, పోచంపల్లి దగ్గర ఓలా వారు విద్యుత్ స్కూటర్ల తయారీ మొదలు పెట్టారు. మన యిళ్ళల్లో ఎవరో ఒకరు బండి కర్మాగారంలో పని చేయని కుటుంబం అరుదు.

బండ్లు చేసే వూళ్ళో పుట్టిన కుర్రవాడికి బండి మీద మోజు వుండటంలో వింత లేదు. ఆ మోజు తీర్చుకునే చోటు ఏది అన్నదే చిక్కు. హోసూరుకూ కృష్ణగిరికీ నడుమ సుమారు యాభై కిలోమీటర్ల జాతీయ రహదారి నున్నగా పరచుకుని వున్నది. రాత్రి పదిగంటలకు బండి తీసుకుని బయటికి వెళ్ళిన కొడుకు తిరిగి వచ్చేదాకా తల్లికి కంటిమీద కునుకు వుండదు. ఆ తల్లుల తరఫున ఆలోచిస్తే, మోటారు పందెపు బాట అనేది డబ్బున్నవాళ్ళ వేడుక మాత్రమే కాదు, వేగానికి కట్టిన కంచె అని తోస్తుంది. అందుకే ఒక పాడుపడిన బాట మళ్ళీ ఎట్లా మేలుకున్నదో ఇక్కడ చెప్పదలచాను. ఆ బాట అమెరికాలో వున్నది. అయినా దానికి ముందు మనకు దగ్గరి బాటను ఒకసారి తలచుకోవాలి.

చెన్నపట్నం నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో రెడ్‌హిల్స్ దాటితే షోలవరం వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ విమానాలు దిగే బాట ఒకటి వేశారు. యుద్ధం ముగిశాక దానికి పని లేకపోయింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారి కన్ను దాని మీద పడింది. పాడుపడవలసిన విమానాల బాట అట్లా పందెపు బాట అయినది. 1980ల చివరి దాకా అక్కడ జరిగిన పందేలు చూడటానికి వేలాది జనం వెళ్ళేవారు. రాజకుమారుల విదేశీ కార్లూ పరుగెత్తేవి, మామూలు సంసారి ఎక్కే అంబాసిడరు, ఫియటు, హెరాల్డు కార్లూ పరుగెత్తేవి.

ఈ రెండవ రకానికే అమెరికావాళ్ళు స్టాక్ కారు పందెం అని పేరు పెట్టారు. స్టాక్ అంటే అంగడిలో అమ్మకానికి నిలవ వున్న సరుకు. అంగడి కారునే తెచ్చుకుని, ఇంజనుకు మెరుగు పెట్టి, పల్టీ కొట్టినా లోపలి మనిషికి దెబ్బ తగలకుండా ఇనుపగొట్టాల పంజరం బిగించి పందెంలో దించేవారు. ఈనాటి అమెరికా పందెపు కార్లలో అంగడి కారును పోలినది పై ఆకారం మాత్రమే గాని, పేరు మాత్రం పాతదే నిలిచింది.

షోలవరం క్లబ్బుకు సొంత స్థలం కాదు. క్లబ్బు పెద్దలు ఆ సంగతి మరవకుండా శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో భూమి సంపాదించి, 3.7 కిలోమీటర్ల సొంత బాట కట్టుకుని 1990లో తెరిచారు. షోలవరం మేళా ఆగిపోయినా పందెం ఆగలేదు. అక్కడ పరుగెత్తినవారిలో కోయంబత్తూరు లక్ష్మీ మిల్సు కుటుంబానికి చెందిన కరివర్ధన్ ఒకరు. తాను గెలిచి వూరుకోక, బీదా సాదా కుర్రవాళ్ళకూ అందుబాటులో వుండాలని మారుతి 800 ఇంజను పెట్టి ఒక్కరు కూర్చునే పందెపు కారును ఆయన రూపొందించారు. దాని పేరు ఫార్ములా మారుతి. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో తెరిచిన బాటకు ఆయన పేరే పెట్టారు. ఫార్ములా మారుతి మీద చేయి తిప్పుకున్న కోయంబత్తూరు కుర్రవాడు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు అయినాడు. 2010లో అమెరికా వెళ్ళి అక్కడి స్టాక్ కారు సంస్థ నాస్కార్ నడిపే ట్రక్కు పందేలలో కూడా పాల్గొన్నాడు.

ఇక అమెరికా బాట సంగతికి వద్దాం.

ఉత్తర కరోలినా రాష్ట్రంలో అపలాచియను కొండల పాదాన విల్క్స్ అనే జిల్లా వున్నది. మన కొండపల్లెలకు నాటుసారా ఎట్లాంటిదో ఆ జిల్లాకు దొంగసారా అట్లాంటిది. రాత్రిపూట సారా డబ్బాలు కారులో వేసుకుని, వెంటపడే అధికారులకు చిక్కకుండా కొండమలుపుల్లో దూసుకుపోవడానికి అక్కడి యువకులు మామూలు కార్లకే ఇంజను బలం పెంచుకునేవారు. ఆ దొంగదారి పరుగే క్రమంగా పందెమైనది. అది ముందు పొలాల్లో జరిగింది, తరువాత కంచె వేసిన బాట మీద జరిగింది. ఈనోక్ స్టేలీ అనే స్థానికుడు నార్త్ విల్క్స్‌బరోలో కట్టించిన మట్టిబాట మీద 1947 మే 18న మొదటి పందెం జరిగింది. ఒక చుట్టు కిలోమీటరు మాత్రమే. నేలను చదును చేసేందుకు డబ్బు చాలలేదని చెబుతారు. అందుచేత ఒక పక్క పల్లంగానూ, ఎదుటి పక్క ఎత్తుగానూ ఆ బాట నిలిచిపోయింది. ఆ వంకరే తరువాత దాని అందమైనది.

దాదాపు యాభై ఏళ్ళు అక్కడ పెద్ద పందేలు నడిచాయి. 1995లో స్టేలీ పోయాడు. వాటాలు చేతులు మారి, పైప్రాంతాల యజమానుల పాలయినాయి. వారికి కావలసింది ఆ బాట కాదు, ఏటా దానికి కేటాయించిన రెండు పందెపు తేదీలు. ఒకటి టెక్సస్‌కూ, ఒకటి న్యూ హాంప్‌షైర్‌కూ తరలించారు. 1996 సెప్టెంబరు 29న జెఫ్ గార్డన్ గెలిచిన పందెమే ఆఖరిది. ఆవుకు పాలు పిండుకుని దూడను వదిలేసినట్టు అయినది ఆ వూరి పని.

ఆ వూరికి దెబ్బ అదొక్కటే కాదు. అక్కడే పుట్టి దేశమంతా పేరు పొందిన లోస్ అనే ఇంటిసామాను కంపెనీ 2003లో తన ప్రధాన కార్యాలయాన్ని మరో పట్టణానికి తీసుకుపోయింది. కర్మాగారాలనే నమ్ముకున్న మన హోసూరువాళ్ళకు ఇది విశదం చేయనక్కరలేదు. కంపెనీ వెళ్ళిపోతే జీతాలు పోతాయి. పందెపు బాట మూతపడితే ఏడాదికి రెండు పర్యాయాలు వూరంతా ఒకచోట చేరే సందర్భం కూడా పోతుంది. బాట పగుళ్ళలో కలుపు మొలిచింది, గేలరీలు తుప్పు పట్టాయి.

అయినా వూరు దాన్ని మరచిపోలేదు. బాటను కాపాడాలని కొందరు సంఘంగా ఏర్పడ్డారు. 2010, 2011లలో చిన్న పందేలు పెట్టి చూశారు గాని డబ్బు చాలక మళ్ళీ మూత పడింది. 2019 డిసెంబరులో పేరు పొందిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియరు కొందరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను అడిగింది పందెం కాదు. బాట పూర్తిగా శిథిలం కాకముందే దాని కొలతలన్నీ యంత్రంతో తీసి, కంప్యూటరు ఆటలో భద్రపరచాలని అతని కోరిక. అందుకు ముందు కలుపు తీయాలి గదా! అందరూ కలిసి చేతులతో కలుపు పీకారు. బొమ్మగానైనా మిగిలితే చాలుననుకుని చేసిన ఆ పనితో జనం దృష్టి మళ్ళీ అసలు బాట మీదికి మళ్ళింది.

2021లో కోవిడ్ సహాయ నిధి నుంచి రాష్ట్రం ఆ బాటకు కోటీ 80 లక్షల డాలర్లు కేటాయించింది. 2022 ఆగస్టులో పాత తారు మీదనే స్థానిక పందేలు పెట్టారు. జనం విరగబడి వచ్చారు. 2023 మే 21న నాస్కార్ తన ఆల్‌స్టార్ పందెం అక్కడ నడిపింది. కైల్ లార్సన్ గెలిచాడు. ఇరవయ్యారేళ్ళు నిద్రపోయిన బాట మేలుకున్నది. పైగా ఒక్క ఏడాది వేడుకగా పోలేదు. మరుసటి ఏడు బాటకు కొత్త తారు వేశారు, 2024లోనూ 2025లోనూ అదే పందెం అక్కడే జరిగింది.

ప్రభుత్వం డబ్బు ఇచ్చింది కాబట్టి బతికిందని ఎవరైనా అనవచ్చు. డబ్బు లేకుండా ఏదీ జరగదు, నిజమే. కాని డబ్బు ఒక్కటే చాలదనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం ఫార్ములా ఈ ఘనంగా జరిగింది. ప్రపంచమంతా చూసింది. 2024 జనవరిలో రెండవ ఏటి పందెం రద్దయినట్టు ప్రకటన వచ్చింది. అక్కడ కలుపు పీకేందుకు ఎవరూ రాలేదు. అది వూరిది అని ఎవరికీ అనిపించేలోగా ముగిసిపోయింది. విల్క్స్‌బరోలో డబ్బు రావడానికి ముందు ఇరవై ఏళ్ళకు పైగా జనం మనసులో ఆ బాట వున్నది. డబ్బు తరువాత వచ్చి దానికి తోడయింది.

మనకు ఇటువంటి అనుభవం లేదా? సంక్రాంతి దాటగానే కృష్ణగిరి జిల్లా పల్లెల్లో ఎద్దులను వీధిలో విడిచి, నిర్ణయించిన దూరాన్ని ఏ ఎద్దు తక్కువ కాలంలో దాటిందో చూసే పండుగ వున్నది. 2014లో సుప్రీంకోర్టు తీర్పుతో ఎద్దుల ఆటలకు అడ్డు పడింది. 2017లో రాష్ట్రం చట్టం చేసింది, 2023 మేలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. పండుగ తిరిగి వచ్చినప్పుడు నియమాలు కూడా వెంట వచ్చాయి. అనుమతి వుండాలి, కంచె వుండాలి, పశువైద్యుడు వుండాలి. ఎద్దుకు ఇంత ఏర్పాటు అవసరమని ఒప్పుకున్న మనం, మన బిడ్డ బండి ఎక్కితే ఏ ఏర్పాటూ లేకుండా రహదారికి వదిలేయడం న్యాయమేనా?

చట్టం సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే 2019 సవరణ ప్రకారం మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మైనరు బిడ్డ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో సంరక్షకునికో మూడేళ్ళ వరకు జైలు, ఇరవై అయిదువేల రూపాయల జరిమానా విధించవచ్చు. జరిమానా కట్టి బయటపడవచ్చు గాని, నడుము విరిగిన బిడ్డను ఏ జరిమానా లేపి నిలబెట్టదు.

నిజంగా నేర్చుకోవాలనే కుర్రవాణ్ణి తిట్టి ఇంట్లో కూర్చోబెట్టడం కంటే, ఒక పర్యాయం శ్రీపెరంబుదూరుకో చెట్టిపాళేనికో తీసుకుపోయి చూపించడం మేలు. శిరస్త్రాణం, తోలు అంగీ, చేతొడుగులు లేకుండా అక్కడ బాట మీద కాలు పెట్టనివ్వరు. పందెంలో దిగాలంటే మోటారు క్లబ్బుల జాతీయ సమాఖ్య ఇచ్చే లైసెన్సు కావాలి. అంబులెన్సు సిద్ధంగా వుంటేనే జెండా వూపుతారు. వేగంలో వీరత్వం పాలు తక్కువ, క్రమశిక్షణ పాలు ఎక్కువ అని ఆ ఒక్క పూటలో వాడికి బోధపడుతుంది.

రెండవ మాట మన సంఘాలకు. 1982 నుంచి పందెపు జట్టును నడుపుతున్న కంపెనీ మన హోసూరులోనే వున్నది. బండ్లు తయారు చేసే యాజమాన్యాలనూ, జిల్లా అధికారులనూ కలిసి, ఏడాదికి నాలుగు రోజులైనా కంచె వేసిన చోట, వైద్యుడి ఎదుట, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మన పిల్లలకు బండి శిక్షణ ఇప్పించమని అడగవచ్చు. పెద్ద బాట రేపే రావాలని పట్టుబట్టనక్కరలేదు. విల్క్స్‌బరో బాట కూడా వంకర నేల మీద, చాలీచాలని డబ్బుతో, మట్టిదారిగానే మొదలైనది.

తెలుగువాళ్ళం ఈ సరిహద్దు నేలమీద తరాలుగా బతుకుతున్నాం. చెరువు పూడిపోతే నలుగురం కలిసి పూడిక తీశాం, గుడి శిథిలమైతే చందాలు వేసుకుని నిలబెట్టుకున్నాం. పిల్లల ప్రాణాలకు కంచె కట్టే పనికి కూడా ఆ నలుగురే చాలు. ముందు కలుపు పీకడానికి ఎవరో ఒకరు వంగాలి.