కయాక్ పొట్టకు గాజు మూత

గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్ల కయాక్‌కి ఒకటే రంధ్రం ఉండేది. చట్రం మీద సీల్ తోలు బిగించి కుట్టిన ఆ పడవలోకి నడుము దాకా దూరి కూర్చున్నాక, వేటగాడు తన తోలు అంగీ అంచును రంధ్రపు కట్టు చుట్టూ బిగించి కట్టేసేవాడు. పడవ తలకిందులైనా చుక్క నీరు లోపలికి పోదు. తెడ్డుతో ఒక్క ఊపు ఊపి మళ్లీ పైకి లేచేవాడు. మూత అంటూ విడిగా ఏమీ లేదు, మనిషే మూత. చంపిన సీల్‌ను పక్కన కట్టి ఈడ్చుకొచ్చేవాడు కనుక సరుకు కోసం ఇంకో వాకిలి అవసరపడలేదు.

వారాల తరబడి సముద్రం మీద తిరిగే యాత్రికులకు ఆ వాకిలి కావలసి వచ్చింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ గుడ్‌మన్ నడిపిన వ్యాలీ కనూ ప్రొడక్ట్స్ 1975లో నార్డ్‌కాప్ అనే ఫైబర్‌గ్లాస్ కయాక్‌ను తెచ్చింది. 1977లో గుడ్‌మన్ బృందం దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి వచ్చింది ఆ పడవల మీదే. సరుకు వాకిలికి వేసే గుండ్రని రబ్బరు మూతలు ఆ సంస్థకు ఒక గుర్తుగా మారాయి. గుండ్రంగా ఎందుకన్నది చాలామంది పట్టించుకోరు గానీ అసలు కీలకం అక్కడే ఉంది. సాగిన రబ్బరు తన బిగువుతో అంచును లోపలికి నొక్కుతుంది. వంపు ఎంత బిగుతైతే ఆ నొక్కుడు అంత ఎక్కువ. వృత్తంలో వంపు అన్ని చోట్లా ఒకటే కాబట్టి పట్టు కూడా సమానంగా ఉంటుంది. తిన్నని అంచుకు వంపే లేదు, అక్కడ రబ్బరు ఎంత సాగినా లోపలికి నొక్కదు.

చేపల వేటకు వాడే కయాక్‌కి ఈ గుండ్రని మూత కుదరదు. అమెరికాలో 1970ల నుంచి టిమ్ నీమియర్ ప్రచారంలోకి తెచ్చిన రకం కయాక్‌లో మనిషి లోపల కాదు, పైనే కూర్చుంటాడు. పైన పడ్డ నీరు నిలువు రంధ్రాల గుండా తిరిగి సముద్రంలోకే పోతుంది. కింద పొట్టంతా బోలు. అందులోకి గాలపు కర్రలు తోయాలంటే పొడవాటి నోరు కావాలి. పొడవాటి నోటికి పక్కలు దాదాపు తిన్నగానే ఉంటాయి. కాబట్టి మూతను పట్టీలతో పైనుంచి బిగించాలి. పట్టీ లాగే చోట వంగి, దూరంగా ఉన్న చోట పైకి లేచే మూత అయితే లాభం లేదు, అది బిరుసుగా ఉండాలి. ప్లాస్టిక్ మూతలు ఎండలో పట్టీల కింద మెల్లగా సాగి ఆకారం మారతాయి. మొదటి వేసవిలో చక్కగా కూర్చున్న మూత రెండో వేసవికి ఓ మూల పైకి లేచి సందు ఇస్తుంది. పొట్టలో అడ్డుగోడ లేని పడవైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. లోపల చేరిన 20 లీటర్ల నీరు, అంటే 20 కిలోలు, పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకాస్త ఒరిగేలా చేస్తుంది.

ఫైబర్‌గ్లాస్ ఇక్కడ అక్కరకొస్తుంది. గాజు బిరుసైనదే, మరి పగలదా? ఇంగ్లండ్‌లో ఎ.ఎ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో జవాబు ఉంది. గాజు పగిలేది దాని మీద ఉండే సూక్ష్మమైన చీలికల వల్ల. పోగు సన్నబడేకొద్దీ పెద్ద చీలికకు చోటుండదు. ఆయన సాగదీసిన అతి సన్నని పోగులు మిల్లీమీటరు మందం గాజు కడ్డీ కన్నా ఇరవై రెట్లకు దగ్గరగా బలం చూపాయి. 1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయ్ సంస్థలో డేల్ క్లైస్ట్ అనే యువ పరిశోధకుడు గాజు దిమ్మెలు అతికించబోతుంటే, కరిగిన గాజుకు గాలి జోరుగా తగిలి సన్నని పోగులుగా చిమ్మింది. ఆయన పై అధికారి గేమ్స్ స్లేటర్ దాన్ని పరిశ్రమగా మార్చాడు. పోగులను పట్టి ఉంచే పాలియెస్టర్ రెజిన్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఒహాయోకు చెందిన రే గ్రీన్ 1942లో ఈ రెంటినీ కలిపి చిన్న పడవ చేశాడు. మన తీరంలో కర్ర తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు, ఫైబర్ బోట్లు వచ్చింది ఈ దారినే.

ఇంట్లో మూత చేసేవాడికి ఒక అదృష్టం ఉంది. పైన కూర్చునే ఈ రకం కయాక్ సాధారణంగా పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌ది. దాని ఉపరితల శక్తి ఎంత తక్కువంటే రెజిన్ దాన్ని సరిగా తడపలేదు, గట్టిగా అంటుకోదు. పగిలిన కయాక్‌కి ఫైబర్ అతుకు వేయబోయి విసిగిపోయిన వారికి ఈ గుణం శాపంలా కనిపిస్తుంది. మూత చేసేటప్పుడు మాత్రం ఇదే వరం. పడవ అంచునే అచ్చుగా వాడుకోవచ్చు. అయినా పనసకాయ కోసే ముందు చేతికి నూనె రాసుకున్నట్టు అంచుకు మైనం పూయడం మంచిది. నోటికి అడ్డంగా టేపు చుట్టిన అట్టను కాస్త గుబ్బగా ఉంచాలి. అలా ఉబ్బిన మూత మీద నీరు నిలవదు, అదే మందంలో చదును మూత కన్నా బిరుసుగానూ ఉంటుంది.

ఇక్కడే ఓ మెలిక ఉంది. అంచు మీద నేరుగా రెజిన్‌తో తడిపిన గాజు పోగుల మ్యాట్ పరిస్తే మూత అంచుకు అతికినట్టు వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నీరు చొరకుండా మధ్యలో పెట్టే రబ్బరు పట్టీకి చోటుండదు. 6 మిల్లీమీటర్ల పట్టీ వేయాలనుకుంటే, అది నొక్కుకున్నాక మిగిలే 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అట్ట ముక్కను ముందే అంచు చుట్టూ అతికించి, దాని మీదే మ్యాట్ పరవాలి. మూతను చేయడమంటే నిజానికి ఆ ఖాళీని కొలిచి చేయడమే. మిగతాదంతా ఓపికతో చేసే పని. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక్కో వరుసకు సుమారు మిల్లీమీటరు మందం ఇస్తుంది, మూడు వరుసలు చాలు. గట్టిపరిచే పెరాక్సైడ్ నూటికి ఒకటి రెండు పాళ్లు, ఎండాకాలంలో తక్కువ వైపే. అది కంట్లో పడితే చూపు పోవచ్చు కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను ఆ పెరాక్సైడ్‌తో నేరుగా కలిపితే పేలుతుంది, అందుకే ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది పోయాలి. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మగ్గులో మిగిలిపోయిన రెజిన్ పొగలు కక్కినా, పల్చటి వరుస మాత్రం వేడిని గాలికి వదిలేసి క్షేమంగా ఉంటుంది. పూర్తిగా బిగిసేలోగా, ఇంకా తోలులా ఉన్నప్పుడే అంచులు కత్తితో కోసేయాలి. ఆ తర్వాత రంపం తప్పదు, గాజు దుమ్మూ తప్పదు.

మూత మరీ బాగా కుదిరితే ఇంకో చిక్కు వస్తుంది. ఎండలో కారు మీద 45 డిగ్రీలకు వేడెక్కిన పడవ 25 డిగ్రీల నీటిలోకి దిగితే లోపలి గాలి పీడనం దాదాపు 6 శాతం పడిపోతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న మూత మీద అది 50 కిలోల బరువుతో సమానం. ప్లాస్టిక్ పొట్ట కాస్త ముడుచుకుని ఇందులో కొంత తగ్గిస్తుంది, అయినా రబ్బరు పట్టీ బలహీనంగా ఉన్న చోట నీటిని పీల్చుకోవడానికి మిగిలింది చాలు. నీళ్లలోకి దించే ముందు పడవను నీడలో చల్లారనిచ్చి, నీరు వదిలే బిరడాను ఒకసారి తీసి పెడితే సరిపోతుంది.

కుదిరిందో లేదో చూడటానికి సముద్రం దాకా పోనక్కరలేదు. అంచుకు సుద్దముక్క రాసి, మూత బిగించి తీసి రబ్బరు పట్టీని చూడాలి. తెల్లటి గీత ఎక్కడ తెగిందో అక్కడ మూత ఆనలేదన్నమాట. సాధారణంగా అది రెండు బిగింపు పట్టీల నడుమ, తిన్నని పక్క మధ్యలో ఉంటుంది. అక్కడ మూత లోపలి వైపు ఒక తాడు ముక్క ఉంచి, దాని మీద మరో వరుస మ్యాట్ వేసి బిరుసు పెంచి, మళ్లీ సుద్ద రాసి చూడాలి.