పడవకు చిన్న మోటారు: అమర్చుట, భద్రపరచుట

2024 ఆగస్టు 31వ తేదీ రాత్రి నుండి సెప్టెంబరు 1 వరకు కురిసిన వానలకు ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచెత్తినది. ఇండ్లలోనికి నీరు చొరబడగా ప్రజలు ఇండ్లపైకెక్కి సహాయమునకై ఎదురుచూచిరి. వరంగల్లు - ఖమ్మము రహదారిపై పురుషోత్తమాయగూడెము వద్ద వంతెన దారి కోతకు గురియగుటచే రాకపోకలు స్తంభించినవి. ఇట్టి ఆపద చూచిన ప్రాంతములో గ్రామమునకొక పడవయు, దానికొక చిన్న మోటారును ఉండవలెనను కోరిక పుట్టుట సహజము. అయితే మోటారు కొనుట సులభము. మూడేండ్ల తరువాత ఒక అర్ధరాత్రి త్రాడు లాగగానే అది పలుకునట్లు ఉంచుట కష్టము. పంచాయతీ సభ్యులకు ముఖ్యముగా తెలియవలసినది ఈ రెండవ సంగతియే.

మేము చెప్పుచున్న మోటారును అవుట్‌బోర్డు మోటారందురు. ఇంజను, దాని క్రింది కడ్డీ, నీటిలో తిరుగు రెక్కలు అన్నియు ఒకే వస్తువుగా నుండి, పడవకు వెలుపల, అమరమున వ్రేలాడును. కావలసినప్పుడు తగిలించి, పని తీరగనే ఊడదీసి మోసికొని పోవచ్చును. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అను నాతడు 1909లో ఇట్టి మోటారులను తయారుచేసి అమ్మసాగెను. నేడు రెండు మూడు అశ్వశక్తుల మోటారు సుమారు 12 మొదలు 18 కిలోల వరకును, ఐదారు అశ్వశక్తులది సుమారు 25 కిలోలును తూగును.

ఈ విషయములో మనకు పాఠము చెప్పదగినవారు తెరచాప పడవలవారు. హుస్సేన్ సాగరముపై పందెములాడు చిన్న తెరచాప పడవలకు మోటారుండదు. కాని అంతకంటె పెద్దవైన తెరచాప పడవలకు అమరమున ఒక చిన్న మోటారు తగిలించుకొనుట లోకమంతటను గల వాడుక. వారికి ప్రధానబలము గాలి. గాలి పడిపోయినప్పుడో, రేవు చేరునప్పుడో మాత్రమే మోటారుతో పని. మన గ్రామపు పడవ కూడ అట్టిదే. దినదినము జాలరి సోదరులు దానిని తెడ్డుతోను, గడతోను నడుపుదురు. మోటారు ఏడాదిలో ఏ నాలుగు దినములో పలుకవలెను. పంచాయతీ ట్రాక్టరు ప్రతిదినము తిరుగుచుండును గనుక దాని రోగము వెంటనే బయటపడును. అరుదుగా తిరుగు యంత్రపు రోగము ఆపద నాడే బయటపడును.

ముందుగా కడ్డీ పొడవు చూడవలెను. మోటారులు సాధారణముగా 15, 20, 25 అంగుళముల కడ్డీలతో వచ్చును. పడవ వెనుకపలక పైఅంచు నుండి అడుగు వరకు కొలిచినచో ఎంత కావలెనో తెలియును. రెక్కలకు పైన ఒక చదునైన ఇనుపరేకు వంటి భాగముండును. అది పడవ అడుగుమట్టముతో సమముగా గాని, అంగుళము క్రిందుగా గాని ఉండవలెను. అంతకు పైనున్నచో రెక్కలు గాలిని పీల్చుకొని ఇంజను గోలపెట్టును, పడవ మాత్రము కదలదు. మరీ క్రిందనున్నచో పడవ ఈడ్చుకొని పోవును, ఇంజనుపై నీరు చిమ్మును. తెరచాప పడవల అమరము అలలకు లేచి పడుచుండును గనుక వారు పొడుగు కడ్డీ మోటారు కొని, పైకి క్రిందికి జరుగు బ్రాకెట్టుపై బిగింతురు. చుక్కానికి రెక్కలు తగులకుండ దానిని ఒక ప్రక్కకు జరిపి కట్టుదురు. గాలిపై సాగునప్పుడు నీటినుండి పైకి లేపి ఉంచుదురు. చెరువులో తిరుగు చదును అడుగు పడవకు ఇంత ఏర్పాటక్కరలేదు. వెనుకపలక నడిమధ్యను తగిలించిన చాలును.

వెనుకపలక గట్టిగా నుండవలెను. ఫైబరు పడవలలో అది పలుచగా నుండుటచే, లోపల బయట మందపు చెక్కలు వేసి బోల్టులతో బిగింపవలెను. తరువాత మోటారు మరలను రెండు చేతులతో సమముగా త్రిప్పి బిగించి, పది నిమిషములు నడిపి, ఆపి, మరల బిగింపవలెను. కంపనమునకు మరలు వదులగుట నిశ్చయము. ఇది గాక మోటారుకొక గట్టి త్రాడో గొలుసో కట్టి పడవకు ముడివేయవలెను. ఈ త్రాడు ఖరీదు కొద్ది రూపాయలే. అది లేక చెరువు ఒండ్రులో పడిన మోటారును వెదకించుటకు అయ్యెడి ఖర్చును సభ్యులే ఊహింపగలరు. ఇంజను నాపు మీటకు తగిలించిన చిన్న త్రాటిని నడుపువాడు తన మణికట్టునకు చుట్టుకొనవలెను. అతడు నీటిలో పడినచో ఇంజను తానై ఆగును. నీటిలోని మనిషిని పడవలోనికి లాగునపుడు ఇంజను తప్పక ఆపియే యుండవలెను. ఆ రెక్కలు కాలును చేతిని గుర్తింపవు.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఐదు అశ్వశక్తుల మోటారుతో పొంగిన ఆకేరు నడిధారను దాటబూనుట ఆత్మహత్యతో సమానము. ఇండ్లచుట్టు నిలిచిన నీటిలో వృద్ధులను, పిల్లలను గట్టునకు చేర్చుటకే ఈ పడవ. నడిధార పనికి శిక్షణ పొందిన విపత్తు దళము రావలసినదే. మరియు యంత్రముతో నడుచు పడవలకు సంబంధించి 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము కలదు. కొనుటకు ముందే జిల్లా అధికారులను విచారించుట మంచిది.

ఇక భద్రపరచుట. మేము ఒక గ్రామమున మోటారును గదిమూలలో తలక్రిందుగా ఆనించి, ట్యాంకునిండ నిరుటి పెట్రోలుతో ఉంచగా చూచితిమి. ఎంత లాగినను అది పలుకలేదు. మోటారు తల ఎల్లప్పుడు పైననే ఉండవలెను. లేనిచో క్రిందిభాగములో మిగిలిన నీరు ఇంజనులోనికి దిగి తుప్పు పట్టించును. చెక్కతో నిలువుచట్రము చేయించి, పడవపై వలెనే దానికి తగిలించి ఉంచుట శ్రేష్ఠము. నాలుగు స్ట్రోకుల మోటారును పరుండబెట్టవలసివచ్చినచో తయారీదారు సూచించిన ప్రక్కకే పరుండబెట్టవలెను. నూనె చేరరానిచోట చేరును.

పెట్రోలు సంగతి మరింత ముఖ్యము. నేడు మన దేశములో అమ్ముచున్న పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నిలువయున్నచో నీరు అడుగున చేరును, కార్బురేటరులో జిగురు పట్టును. కావున పని ముగియగనే మోటారును మంచినీటి డ్రమ్ములో నిలిపి కొన్ని నిమిషములు నడిపి, లోపలి బురద కడిగి, పెట్రోలు గొట్టము మూసి, ఇంజను తానై ఆగువరకు నడువనీయవలెను. మిగిలిన పెట్రోలును ఏ మోటారుసైకిలులోనైనను పోసి వాడుకొనవచ్చును. రెండు స్ట్రోకుల మోటారుకు పెట్రోలులో నూనె కలుపవలెను గనుక అట్టి మిశ్రమమును ఎప్పటికప్పుడే కలుపుకొనవలెను. పాళ్ళు సాధారణముగా 50కి 1, అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. నీరు లేకుండ మాత్రము ఇంజనును ఒక్క క్షణమైనను నడుపరాదు. నీటిని పైకి తోడు రబ్బరు చక్రము నీరే లేనిచో కాలిపోవును.

ఏటేట క్రిందిభాగపు గేరు నూనె మార్పించవలెను. పాతనూనె పాలవలె తెల్లగా వచ్చినచో లోపలికి నీరు దిగుచున్నదని గ్రహించి, మెకానిక్కుచే సీలు మార్పించవలెను. స్పార్కు ప్లగ్గులు, రెక్కలచక్రపు పిన్నులు, ప్లగ్గు విప్పు పానా, ఇవి ఒక డబ్బాలో మోటారుతోనే ఉండవలెను. గుడ్డ కప్పి ఉంచిన మోటారులో ఎలుకలు గూడు కట్టి తీగలు కొరుకును. అప్పుడప్పుడు మూత తీసి చూడవలెను.

గది ఎక్కడ అను ప్రశ్న చివరగా వచ్చినను, చాలచోట్ల పొరపాటు జరుగునది ఇచటనే. వరద వచ్చినప్పుడు మునుగు భవనములో మోటారు పెట్టినచో మొదట మునుగునది అదే. 2024లో నీరెంతవరకు వచ్చెనో గ్రామస్థులకు తెలియును. ఆ గుర్తునకు పైనున్న గదిని ఎన్నుకొనవలెను. పెట్రోలు డబ్బాను రికార్డుల గదిలో ఉంచరాదు. ప్రతి మే నెలలో వానలకు ముందు మోటారును చెరువునకు కొనిపోయి, పడవకు తగిలించి, అరగంట నడిపి, తేదీని రిజిస్టరులో వ్రాయవలెను. ఆ దినము మత్స్య సహకార సంఘమునుండి ఇద్దరు యువకులచేతనైనను నడిపింపవలెను. ఒక్కనికే తెలిసిన విద్య అతడు ఊరిలో లేనినాడు పనికిరాదు. గది తాళపుచెవులు రెండుండవలెను. ఒకటి పంచాయతీ కార్యదర్శివద్దను, రెండవది గదికి దగ్గరగా నివసించు వార్డు సభ్యునివద్దను ఉంచి, ఆ పేర్లను గది తలుపుపై రంగుతో వ్రాయింపవలెను.