మంచు లేని ఏరు

వాడరేవు నుంచి తీరం వెంబడి దక్షిణంగా పోతే, ఒంగోలు చేరకముందే గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. నడివేసవిలో అక్కడ చూస్తే నీరంతా పోటుకు ఎక్కివచ్చిన ఉప్పునీరే. తుపాను పట్టినప్పుడు మాత్రం ఇదే ఏరు ఒడ్డులొరసి ప్రవహిస్తుంది. ఎందుకింత తేడా?

గుండ్లకమ్మ నల్లమల కొండల్లో గుండ్ల బ్రహ్మేశ్వరం వద్ద పుట్టి, కంభం, అద్దంకి ప్రాంతాల మీదుగా 200 కిలోమీటర్లకు పైగా పారుతుంది. ఇది కృష్ణకు గాని, పెన్నకు గాని ఉపనది కాదు. దానికి వాన తప్ప వేరే ఆధారం లేదు.

కజకిస్తాన్‌లో స్టెప్పీలనే గడ్డిమైదానాలున్నాయి. అక్కడి చిన్న ఏళ్ళకు మంచే ఆధారం. చలికాలమంతా కురిసిన మంచు నేలమీద పేరుకొని ఉంటుంది. అది ఒక్కసారిగా కరిగిపోదు. 0 డిగ్రీల వద్దనున్న 1 గ్రాము మంచు నీరు కావాలంటే 80 కేలరీల వేడి కావాలి. అంత వేడితో 1 గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీలదాకా కాచవచ్చు! అంటే మంచు కూడా ఒక చెరువే, కట్ట లేని చెరువు. అయితే వసంతంలో అడుగునేల ఇంకా గడ్డకట్టి ఉండటంవల్ల కరిగిన నీరు ఎక్కువగా ఇంకదు. ఏటి నీటిలో ఎక్కువ భాగం కొద్ది వారాల్లోనే పోతుంది. తర్వాత చాలా ఏళ్ళు మడుగులుగా మిగులుతాయి.

మనకు ఆ మంచు చెరువూ లేదు. వానలు డిసెంబరుకు వెనుకబడతాయి. మిరప కోతలు ఆ తర్వాతే! అందుకే విజయనగర రాజుల కాలంలోనే రెండు కొండల నడుమ ఈ ఏటికి కట్ట వేసి కంభం చెరువు చేశారు. దిగువన మల్లవరం వద్ద ఈ కాలపు జలాశయం ఉంది. 2022 ఆగస్టు చివర దాని గేటొకటి కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు తుపానులో మరొకటి. రైతులు దాచుకున్న నీరు సముద్రం పాలైంది.

గేట్లు లేని జలాశయం ఇంకొకటుంది: ఏటి ఇసుక. ఒక గ్లాసు నిండా పొడి ఇసుక పోసి, కొలిచిన నీటిని మెల్లగా పోయండి. గ్లాసులో ఇంచుమించు మూడోవంతు నీరు పడుతుంది. ఎండిన ఏట్లో చెలమ తీస్తే ఊరేది ఈ నీరే. ఇసుకను అడుగంటా తవ్వి లారీలకెత్తితే ఆ జాగా పోతుంది, ఒడ్డున ఉన్న బావుల్లో నీటిమట్టమూ దిగుతుంది.