పాత పికప్‌కు కొత్త బాడీ: కట్టించే ముందు రైతులు చూసుకోవాల్సినవి

సార్వా కోతల ముందు, దాళ్వా కోతల ముందు డెల్టాలోని బాడీ షెడ్లకు పాత పికప్‌లు వరుస కడతాయి. తొట్టి తుప్పు పట్టింది, పలకలు ఊగుతున్నాయి, ఎలాగూ డబ్బు పెడుతున్నాం కదా, ఇంకాస్త ఎత్తుగా, గట్టిగా కట్టిద్దామని చాలామంది అనుకుంటారు. బాడీ గట్టిపడితే బండి బలపడినట్టు కాదు. షెడ్డుకు వెళ్ళే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ముందు ఆర్‌సీ తీసి చూడండి

ఆర్‌సీలో లోడుతో బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మీరు మోయగలిగిన సరుకు వస్తుంది. ఉదాహరణకు లోడుతో 2,600 కిలోలు, ఖాళీగా 1,400 కిలోలు అయితే సరుకు 1,200 కిలోలు. మన 75 కిలోల బస్తాల లెక్కన 16 బస్తాల ధాన్యం. కొత్త బాడీ పాతదానికంటే 150 కిలోలు ఎక్కువ తూగితే ప్రతి ట్రిప్పులో రెండు బస్తాలు పోయినట్టే. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ ఇనుమును మోసే డీజిల్ మీదే.

రేకు మందం ఇలా లెక్కవేయండి. చదరపు మీటరుకు 2 మి.మీ. ఇనుప రేకు సుమారు 16 కిలోలు, 3 మి.మీ. అయితే 24 కిలోలు, 4 మి.మీ. అయితే 31 కిలోలు తూగుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న అడుగు రేకు 2 నుంచి 4 మి.మీ.కు మారితే 65 కిలోలకు పైగా పెరుగుతుంది. మందం పెంచేకంటే కింద అడ్డ ఛానళ్ళను దగ్గర దగ్గరగా వేయించడం మేలు.

ఎత్తు పెంచితే ఏమవుతుంది?

కొబ్బరి, ఎండుగడ్డి, అరటి గెలల కోసం పలకలు ఎత్తిస్తుంటారు. మన రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే ఉన్నాయి. ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఒక పక్క చక్రాలు మట్టి అంచుకు దిగితే బండి వాలుతుంది. లోడు ఎంత ఎత్తున ఉంటే అంత త్వరగా కాలువలోకి ఒరుగుతుంది. శాశ్వతంగా ఎత్తైన పలకలకు బదులు, తేలిక సరుకు వేసినప్పుడే బిగించి తర్వాత తీసేసే మెష్ ఫ్రేము పెట్టించండి. ధాన్యం, ఎరువుల బస్తాలకు మామూలు ఎత్తు చాలు.

వెనక్కి పొడిగించడానికీ హద్దు ఉంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరంలో 60 శాతానికి మించి, వెనక ఇరుసు నుంచి బాడీ బయటికి ఉండకూడదు. ఆ దూరం 2.5 మీటర్లయితే వెనక భాగం 1.5 మీటర్లు దాటకూడదు. వెనక బరువు పెరిగితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు అదుపు తప్పుతుంది.

కమాను పట్టీలు పెంచడం

ఒక పట్టీ అదనంగా వేయిస్తే బండి కుంగదు. కానీ ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే. కొన్ని పికప్‌లలో వెనక భాగం ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉంటుంది. పట్టీ పెంచితే లోడున్నా బండి కుంగదు కాబట్టి ఆ వాల్వు లోడు లేదనుకుని బ్రేకు తగ్గిస్తుంది. పట్టీ విరిగితే అదే కొలతలో కొత్తది వేయించండి. సంఖ్య పెంచకండి.

షెడ్డులో దగ్గరుండి చూసుకోవాల్సినవి

- బాడీని ఛాసీకి వెల్డింగు చేయనివ్వకండి. యు బోల్టులతో బిగించి, మధ్యలో చెక్క లేదా రబ్బరు ప్యాకింగు పెట్టించండి. ఛాసీ పై, కింది అంచులకు రంధ్రాలు వేస్తే అక్కడే చీలిక మొదలవుతుంది.
- వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించండి. డీజిల్ ట్యాంకు, పైపుల దగ్గర నిప్పురవ్వలు పడకుండా చూడండి.
- తుప్పు మీద రంగు వేస్తే ఉపయోగం లేదు. వైరు బ్రష్‌తో పూర్తిగా గీకించి, రెడాక్సైడు ప్రైమరు, ఆపై రెండు కోట్లు ఎనామిల్ వేయించండి. అతుకుల లోపలి వైపు మర్చిపోకండి.
- నీరు నిలవకుండా మూలల్లో రంధ్రాలు ఉండాలి. రొయ్యలు, చేపలు, యూరియా, పొటాష్ వేసిన రోజు సాయంత్రం మంచినీటితో కడగండి.
- బరకం కట్టడానికి రెండు వైపులా కొక్కేలు, వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు తప్పనిసరి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. అధిక లోడుకు 2019 సవరణ తర్వాత చట్టంలో 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున ఉంది. అదనపు సరుకు అక్కడే దింపాలి.

అందుకే పాత కొలతల్లోనే కట్టించడం సులువు. మార్పు తప్పదనుకుంటే కొలతలు కాగితం మీద వేసి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్సు వారి అంగీకార పత్రం తీసుకోండి. మార్పు ఆర్‌సీలో నమోదయ్యాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఒక్క మాట మరవకండి

బాడీ ఎంత గట్టిగా కట్టించినా లోడు మీద మనుషుల్ని ఎక్కించకండి. 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాలతో వెళుతున్న మినీ లారీ బోల్తా పడి, దాని మీద ఉన్న ఏడుగురు కూలీలు బస్తాల కింద నలిగి చనిపోయారు. నాట్లకు, కోతలకు కూలీలను తీసుకెళ్ళాలంటే ఆటో మాట్లాడండి. ఆ కిరాయి ఒక పూట ఖర్చు మాత్రమే.