పైకి కనిపించని బ్రేకు జబ్బు

పాత అంబాసిడర్ బ్రేకు నొక్కగానే కుడికి లాగుతుంది. కాలు తీశాక ఎడమకు లాగుతుంది. కాస్త దూరం నడిపి చూస్తే ఎడమవైపు ముందు డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. షెడ్డులో మొదట షూలు మారుస్తారు, తర్వాత వీల్ సిలిండర్ మారుస్తారు. అయినా జబ్బు పోకపోతే, అనుమానించాల్సింది బాడీ నుంచి చక్రానికి వెళ్లే ఆ పొట్టి రబ్బరు హోస్ పైపునే. పైకి అది నల్లగా, నిక్షేపంగా కనిపిస్తూ ఉండొచ్చు.

పెడల్ మీద 30 కిలోల బరువు మోపామనుకుందాం. పెడల్ కడ్డీ దాన్ని 5 రెట్లు చేస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద పడేది 150 కిలోలు. పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే, బ్రేక్ ఆయిల్లో ప్రతి చదరపు సెంటీమీటరుకీ దాదాపు 38 కిలోల ఒత్తిడి. కారు టైరులో ఉండేది సుమారు 2 కిలోలే! ఇంత ఒత్తిడిని సన్నటి ఉక్కు పైపు మోస్తుంది. కానీ ముందు చక్రం పైకీ కిందికీ ఊగుతుంది, స్టీరింగుతో పాటు తిరుగుతుంది. అందుకే చివర్లో రబ్బరు. లోపల ఒక గొట్టం, దాని మీద గట్టి దారపు అల్లిక, ఆపైన మరో రబ్బరు పొర. ఒత్తిడిని తట్టుకునేది ఆ అల్లికే.

ఏళ్ల తరబడి ఆయిల్లో నాని లోపలి గొట్టం ఉబ్బుతుంది, పొరలుగా ఊడుతుంది. దారి ఇరుకైపోతుంది. వెళ్లేటప్పుడు ఆయిల్‌ను తోసేది మన కాలి బలం కాబట్టి ఆలస్యంగానైనా చేరుతుంది. ఆ ఆలస్యంలోనే కుడి చక్రం ముందుగా పట్టి బండి అటు లాగుతుంది. వెనక్కి తోసేది మాత్రం షూల రిటర్న్ స్ప్రింగులే. వాటి బలం చాలదు, ఎడమ బ్రేకు పట్టే ఉంటుంది. పైపొరకు వేరే శత్రువు ఉంది. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరు అణువుల బంధాలను తెంచుతుంది, వంపు దగ్గర బీటలు పడతాయి. ఆనాటి కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్. ఒక్క పైపు పగిలితే మిగిలేది హ్యాండ్ బ్రేకే.

నిర్ధారణకు జాకీతో చక్రాన్ని ఎత్తి, స్టాండు పెట్టి, బ్రేకు నొక్కి వదలాలి. చక్రం బిగిసి ఉంటే ఉక్కు పైపు, హోస్ కలిసే నట్టు వదులు చేయాలి. అప్పటికీ తిరగక, వీల్ సిలిండర్ మీద గాలి తీసే నిప్పుల్ తెరవగానే తిరిగితే, అడ్డు హోస్‌లోనే ఉంది.

మార్చేటప్పుడు రెండువైపులా మార్చాల్సిందే. పెయింటుకూ క్రోముకూ లక్షలు పోసినవారు ఈ రెండు పైపుల దగ్గర వెనకాడితే నాకు బాధేస్తుంది. ముందు ఉక్కు పైపు నట్టు విప్పాలి, తర్వాత బ్రాకెట్ నట్టు, చివరగా హోస్‌నే తిప్పుతూ సిలిండర్ నుంచి తీయాలి. ఒక పానాతో నట్టు తిప్పుతూ మరో పానాతో హోస్ తలను పట్టుకోకపోతే తుప్పు పట్టిన ఉక్కు పైపు మెలిపడి విరుగుతుంది. బిగించడం చక్రం వైపు నుంచి, కొత్త రాగి వాషరుతో. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సరిగా అతుక్కోదు. పెట్రోలుతో కడగవద్దు, బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. బ్రేకు పైపుల్లో చేరిన గాలి పూర్తిగా తీయకపోతే పెడల్ మెత్తగా దిగిపోతుంది. తర్వాత స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, హోస్ ఎక్కడా టైరుకు రాసుకోవడం లేదని చూసుకోవాలి.

కొనేటప్పుడు పైపు మీద తయారీ తేదీ ఉందేమో చదవండి. షాపు అరలో ఏళ్లుగా పడి ఉన్న రబ్బరుకూ వయసు వస్తుంది.