మత్తు మానేవారికి బీపీ మాత్ర ఎందుకు?

"మా బంధువుల అబ్బాయిని హెరాయిన్ మాన్పించడానికి ఆస్పత్రిలో చేర్చాం. వాడికి బీపీ లేదు. అయినా డాక్టరుగారు బీపీ మాత్ర రాశారు. ఎందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆ మాత్ర పేరు క్లోనిడిన్. 1960ల మొదట్లో జర్మనీలో ముక్కుదిబ్బడకని తయారుచేశారు. వేసుకున్నవాళ్ళకు రక్తపోటు పడిపోవడంతో బీపీ మందుగా స్థిరపడింది. నల్లమందు జాతి మందులు ఆపినప్పుడు పడే యాతనను ఇది చాలావరకు తగ్గిస్తుందని 1978లో అమెరికాలో గోల్డ్, రెడ్మండ్, క్లీబర్ అనే వైద్యులు ప్రకటించారు. ఎందుకు తగ్గిస్తుందో తెలియాలంటే నాడీకణం పొరలో ఉన్న ఒక సన్నని ద్వారం దగ్గరికి వెళ్ళాలి. నాడీశాస్త్రంలో నాకు ఇంతకంటే అందంగా కనిపించిన జవాబు లేదు.

నాడీకణం లోపల పొటాషియం బయటికన్నా ముప్ఫై రెట్లకు పైగా ఎక్కువ. ధనావేశం ఉన్న ఆ అయాన్లు బయటికి జారేకొద్దీ కణం లోపల రుణావేశం పెరుగుతుంది, కణం సంకేతాలు పంపడం తగ్గిస్తుంది. అవి జారే ప్రోటీన్ ద్వారాలే పొటాషియం చానెళ్ళు. వాటిలో మనకు కావలసిన రకాన్ని శాస్త్రవేత్తలు ‘గిర్క్’ అంటారు. అది చాలాసేపు మూసుకునే ఉంటుంది. బయట రిసెప్టర్‌కు నల్లమందు జాతికే చెందిన మార్ఫిన్ అంటుకోగానే, లోపలివైపున్న జీ-ప్రోటీన్ రెండుగా విడిపోతుంది: ఒకటి ఆల్ఫా, రెండోది బీటా-గామా జంట. ఆ రెండింటిలో ఒకటి వెళ్ళి గిర్క్‌ను తెరుస్తుంది.

ఏది? దీని మీద ఏళ్ళ తరబడి పెద్ద పోట్లాటే జరిగింది. పనంతా ఆల్ఫాదేననీ, బీటా-గామా దాన్ని పొరకు కట్టిపడేసే జోడీ మాత్రమేననీ అప్పట్లో అందరి నమ్మకం. 1987లో లోగోథెటిస్, క్లాఫమ్, ఈవా నీర్ బృందం గుండె కణం పొర ముక్క మీద బీటా-గామా వేస్తే చానెల్ తెరుచుకుందని రాసింది. (గుండెను నెమ్మదింపజేసేదీ ఈ కుటుంబపు చానెలే.) అదే ఏడాది బ్రౌన్, బిర్న్‌బామర్ బృందం కాదు, ఆల్ఫాయే తెరుస్తుందని చూపించింది. బీటా-గామాను కరిగించడానికి వాడిన డిటర్జెంటే చానెల్‌ను తెరిచి ఉంటుందని విమర్శ కూడా వచ్చింది. 1993లో చానెల్ జన్యువు దొరికింది. దాన్ని విడిగా పట్టుకుని ప్రయోగాలు చేసేసరికి తీర్పు బీటా-గామా వైపే వచ్చింది. 2013లో వోర్టన్, మెకినన్ ఆ జంటను చానెల్‌తో కలిపి స్ఫటిక రూపంలో చూపించారు: నాలుగు భాగాల చానెల్, దాన్ని చుట్టుకుని నాలుగు బీటా-గామాలు. సందేహానికి చోటు మిగల్లేదు.

ఇప్పుడు మెదడు కాండంలోకి వెళ్దాం. అక్కడ లోకస్ సెరూలియస్ అనే చిన్న గుంపు ఉంది, రెండు పక్కలా కలిపి కొన్ని పదుల వేల కణాలే. మెదడంతటికీ నారడ్రినలిన్ పంపే ప్రధాన కేంద్రం మాత్రం అదే. ఎలుకల మెదడు పలుచని ముక్కల్లో ఈ కణాల మీద మెదడు సొంత ఓపియాయిడ్ (నల్లమందు జాతి పదార్థం) అయిన ఎన్‌కెఫలిన్ వేస్తే పొటాషియం చానెళ్ళు తెరుచుకుంటాయని 1982లో విలియమ్స్, ఈగన్, నార్త్ చూశారు. నాకు అన్నిటికన్నా నచ్చే ప్రయోగం ఆ తర్వాతది. అవే కణాలకు ముందు ఓపియాయిడ్ నిండుగా ఇచ్చారు. పొటాషియం ప్రవాహం గరిష్ఠానికి చేరింది. దాని మీద క్లోనిడిన్ తరహా మందు ఇచ్చారు. ప్రవాహం పెరగలేదు. రెండు మందులకూ రిసెప్టర్లు వేరు, తెరుచుకునే చానెళ్ళు మాత్రం ఒకటే! మెట్ల లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉన్నట్టు.

ఇక అలవాటు సంగతి. రోజూ మార్ఫిన్ వచ్చి నోరు నొక్కేస్తుంటే కణం ఊరుకోదు. సైక్లిక్ ఏఎంపీ అనే లోపలి రసాయనాన్ని తయారుచేసే యంత్రాంగాన్ని పెంచుకుంటుంది. ఈ ఎదురుదాడిని 1975లోనే శర్మ, క్లీ, నిరెన్‌బర్గ్ పెంచిన కణాల్లో పట్టుకున్నారు. మందు ఆగిన రోజున గిర్క్ మూసుకుంటుంది, ఎదురుదాడి మాత్రం మిగిలిపోతుంది. లోకస్ సెరూలియస్ విరుచుకుపడుతుంది. చెమటలు, గుండెదడ, రోమాలు నిక్కబొడుచుకోవడం, విప్పారిన కంటిపాపలు, నిలవనివ్వని కంగారు, వీటి వెనక ఈ నారడ్రినలిన్ తుఫాను ఉంది. ఆ కణాలు తమంతట తామే రెచ్చిపోతాయని మొదట్లో అనుకున్నారు. తీరా మెదడు ముక్కల్లో చూస్తే అంత రెచ్చిపోవడం కనిపించలేదు. కింది మెడుల్లా నుంచి వచ్చే గ్లుటమేట్ సంకేతాలే వాటిని చాలావరకు ఎగదోస్తున్నాయని తర్వాత తేలింది. అయినా గిర్క్ ప్రాధాన్యం తగ్గలేదు. ఆ చానెల్ జన్యువులు రెండు తీసేసిన ఎలుకలకు మార్ఫిన్ అలవాటు చేసి ఆపితే ఉపసంహరణ లక్షణాలు బాగా తగ్గిపోయాయని 2008లో జెనీవాలో లూషర్ బృందం చూపించింది.

క్లోనిడిన్ రహస్యం ఇదే. మార్ఫిన్ రిసెప్టర్‌ను ముట్టుకోకుండా, ఆల్ఫా-2 అనే వేరే రిసెప్టర్ ద్వారా (జీ-ప్రోటీన్ ఆల్ఫా కాదిది) అదే చానెల్‌ను తెరిచి, రెచ్చిపోయిన కణాలను నెమ్మదింపజేస్తుంది. హెరాయిన్‌లా మత్తు ఇవ్వదు. దాని దగ్గరి చుట్టమైన లోఫెక్సిడిన్‌కు ఇదే పని కోసం 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇంత తెలిశాక కూడా మందులు ఇంకా చానెల్‌ను పరోక్షంగానే చేరుకుంటున్నాయి. ఒళ్ళునొప్పులు, నిద్రలేమి, మళ్ళీ కావాలనే తపన, వీటి మీద క్లోనిడిన్ ప్రభావం తక్కువ. అందుకే దీర్ఘకాల చికిత్సలో బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్‌లదే పెద్దపీట.

ప్రశ్న అడిగిన పాఠకుడికి ఒక మాట. క్లోనిడిన్ రక్తపోటును బాగా పడగొడుతుంది, హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఎగబాకుతుంది. కాబట్టి డాక్టరుగారు చెప్పిన మోతాదు మీరు మార్చకండి. ఇంకో సంగతి: కొన్నాళ్ళు మానేశాక పాత మోతాదు మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువ, ఎందుకంటే ఒంటికి ఆ సహనం పోయి ఉంటుంది. అబ్బాయి ఇంటికి వచ్చాక ఈ విషయం ఇంట్లో అందరికీ చెప్పండి.